ఒడీలియక్క ఇంటికప్పు, బేటన్ రూజ్‌లో గెలుపు

"రండి, కుర్చీలు ఇటు లాక్కోండి! ఉపవాస శుక్రవారం, మాంసం ఎలాగూ లేదు. చేపలు వేగేదాకా చెవులకైనా విందు కావద్దూ?" చర్చి హాల్లో టెలెస్ఫోర్ గొంతు సవరించాడు. "దేవుడి దయవల్ల ఇన్సూరెన్సు చట్టం గెలిచింది. గెలిపించిందెవరు? నేనే!

తుఫానుకి ఒడీలియక్క ఇంటికప్పు ఎగిరిపోయింది. ఇన్సూరెన్సు తరఫున చూసిపోయిన మనిషి 'కప్పంతా పోయింది' అని రాసి అక్కకో నకలిస్తే, కంపెనీవాళ్లు దాన్ని కొట్టేసి 'ఒక మూల చిరిగింది' అని మార్చారు. ఏడాదిగా అక్క నీలం టార్పాలిన్ కిందే ఉంది. ఇకమీదట రిపోర్టు మారిస్తే ఇంటివాళ్లకి రెండూ చూపించి తీరాలి, అదీ చట్టం. దానికోసం అక్కని నా ట్రక్కులో రాజధాని బేటన్ రూజ్ తీసుకెళ్లా. చిన్న సాయమే."

"సగం దారి నేను తోశా కదా మావా," అన్నాడు చేపలు వేయిస్తున్న ఆల్సీడ్.

"నువ్వు నూనె చూసుకోరా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? చట్టసభ కమిటీ ముందు మైకు పట్టుకున్నానా, మొదటి మాటకే కంపెనీ లాయర్ల టైలు వాటంతటవే ఊడిపోయాయి. రెండో మాటకి సెనేటర్ల కన్నీళ్లు మోకాళ్లదాకా వచ్చి, నేనే పడవలు తెప్పించా. మూడో మాటకి మిసిసిపీ నది వినడానికి ఆగిపోయింది, వెనకొచ్చే నీళ్లు 'జరగండర్రా, మాకూ వినబడాలి' అని తోసుకున్నాయి. మొసళ్లు తోకలెత్తి ఓటేశాయి. ఆ చప్పట్లకి ముప్పైనాలుగు అంతస్తుల చట్టసభ భవనం జానెడు పైకి లేచి..."

ఒడీలియా ఖాళీ కంచం కింద పెట్టింది.

"ప్రార్థన చేసిన నోటితోనే ఇన్ని కోతలా తమ్ముడూ? అక్కడ బిల్లు కావాలన్నవాళ్లు పచ్చకార్డు నింపాలి, వద్దన్నవాళ్లు ఎర్రకార్డు. నువ్వు నింపింది ఎర్రది! ఛైర్మన్ నీ పేరు కంపెనీ లాయర్ల వరసలో చదివాడు. పాపం, వాళ్లు నీకు కుర్చీ కూడా వేశారు."

హాలంతా ఘొల్లుమంది.

"క్రాఫిష్ రొయ్య ఎర్రబడితేనే కదక్కా ఉడికినట్టు! నేనూ తయారని చెబుదామనీ..." టెలెస్ఫోర్ టోపీ తీసి, తనూ నవ్వేశాడు. "సరే, నా కోతలు వదిలెయ్యండి. గెలుపు మాత్రం నిజం. ఈ అక్క ఆ రెండు రిపోర్టులూ బల్లమీద పక్కపక్కన పరిచి, 'అయ్యా, ఇందులో నా ఇల్లేది?' అని అడిగింది. ఆ మాటమీదే ఓట్లు పడ్డాయి. కంపెనీ డబ్బిచ్చింది, సోమవారం కప్పు వేస్తున్నారు. రేపు మీకూ అలాంటి కాగితమొస్తే ఈ ఒక్కటీ గుర్తుపెట్టుకోండి. లేచి నిలబడండి. అక్క అడిగినట్టే అడగండి."