మునిరత్నం అడిగిన టైమౌటు

"తాతా, ఈ పొద్దు బాస్కెట్‌బాల్ మ్యాచిలో మా కెప్టెను టైమౌటు అడిగితే రెఫరీ ఇయ్యలేదు. బంతి అవతలోళ్ల సేతిలో ఉండాదంట."

యాడిస్తాడు పాపా? బంతి మన సేతిలో ఉండల్ల, లేదంటే ఆట నిలిచిపోయుండల్ల. పంతొమ్మిదొందల నలభైల్లో నేను చిత్తూరు హైస్కూల్లో ఆడేటప్పుడూ ఇదే రూలు. ఇంగోటి, మాకు కెప్టెనే అడగల్ల. మా కెప్టెను మునిరత్నం, మా మేనత్త కొడుకు. నాకంటే నాలుగు నెల్లు, కాదు కాదు, ఐదు నెల్లు సిన్నోడు.

వాణ్ణి సూస్తే నాకు కడుపుమంట. ఇప్పుడు దాసేదేముండాది. మేమంతా ఒట్టి కాళ్లతో ఆడతా ఉంటే, వాడికి వాళ్ల సిన్నాయన మద్రాసు నుంచి కాన్వాసు బూట్లు తెచ్చిచ్చినాడు. మూడు రూపాయలంట. ఆ కాలంలో మూడు రూపాయలంటే... సరే, అది వదిలెయ్. మాయమ్మ గూడా, "మునిరత్నాన్ని సూసి నేర్సుకోరా" అనేది దినామూ.

గూడూరోళ్లతో ఫైనలు. ఇంగ కొంచేపే ఉండాది, ఇద్దరివీ సమానం పాయింట్లు. బంతి నా సేతిలో ఉండాది. వీడు ఒక సెయ్యెత్తి "టైమౌట్ సార్" అన్నాడు, ఇంకో సేత్తో వంగి బూటు తాడు పట్టుకున్నాడు. సూడు, దొర బూట్లు సర్దుకుంటాడంట, మేము నిలబడి సూడల్లంట, అనుకున్నా. రెఫరీ విజిలు నోట్లో పెట్టుకునే లోపల బంతి వదిలేసినా. జారలేదు పాపా, వదిలేసినా.

గూడూరోడు ఎత్తుకోని పోయినాడు. బంతి మాది కాదు గదా, రెఫరీ విజిలు ఊదలా. వాడు బుట్టలో యేసినాడు, మేము ఓడిపోయినాం.

డ్రిల్లు మాస్టరు అరస్తా వస్తే మునిరత్నం, "నేనే తప్పు టయానికి అడిగినా సార్" అనేసినాడు. ఆమీట బూట్లిప్పి నా ముందర పెట్టినాడు. "నీ కాలి బొటనేలి గోరు లేసిపోయి నెత్తర కారతాండాది, సూసుకోలేదా? ఇవి నీకిద్దామనే గదరా టైమౌటు అడిగింది" అన్నాడు.

సిగ్గుపడినానని అనుకుంటావేమో. లేదు. దాంట్లో గూడా వాడే గెలిసినాడే అని ఇంకా మండింది. బూట్లు తొడుక్కోలా. వాడు కన్ను మూసేదాకా నిజమూ సెప్పలా...

అవునూ, మీ కెప్టెను యెవురు పాపా? నువ్వు కాదా?

అయితే మీ కెప్టెను టైమౌటు అడిగేటప్పుడు బంతి గట్టిగా పట్టుకో తల్లీ, నా మాదిరి వదలొద్దు. సల్లగుండు.