గేరుకి విశ్రాంతి

కొండ దిగుతున్న ఆటోమేటిక్ కారు. స్టీరింగ్ దగ్గర మొగుడు, పక్క సీట్లో పెళ్ళాం, వెనక సీట్లో ముడుచుకుని పడుకున్న అతని తల్లి. తమ ఇంట్లో ఈ కారు గేర్‌బాక్స్‌కి జరిగే మర్యాదలు కొత్త అల్లుడికి కూడా జరగవని కోడలి గట్టి నమ్మకం. అందుకే ఆమె రోడ్డు చూడటం మానేసి, మొగుడి ఎడమచేతినే చూస్తూ కూర్చుంది.

"మళ్ళీ వేశారా?"

"ఏం వేశాను?"

"న్యూట్రల్. నేను చూశాను. చెయ్యి అటు పోయింది."

"దిగుడే కదా. దానంతటదే పోతుంది. కాసేపు గేరుకి విశ్రాంతి."

"విశ్రాంతా?"

"మరి? మన ముగ్గుర్నీ మోసుకుని కొండెక్కింది. నువ్వెక్కుతావా?"

"ఎక్కుతాను. దానికి చేసే సేవలో సగం నాకు చేస్తే రోజూ ఎక్కుతాను."

"వేళాకోళం వద్దు. పాత గేర్‌బాక్స్ ఎలా పోయిందో చూశావుగా. ఇదైనా పదికాలాలపాటు ఉండాలి."

"ఉండాలి. కాదన్నానా? నా సవతి నిండు నూరేళ్ళు ఉండాలి. దాని ఆయిల్ రంగు చూడ్డానికి నా కొత్త రుమాలు ఇచ్చాను, ఏమైనా అన్నానా? మొన్న గేటు దగ్గర బండి పూర్తిగా ఆగకముందే రివర్స్ వేశానని రెండ్రోజులు నాతో మాట్లాడలేదు మీరు, దానికీ ఏమన్లేదు."

"అలా వేస్తే లోపల అరిగిపోతుంది. అది తప్పే."

"తప్పే. ఒప్పుకున్నాను. కానీ ఇది వేరు. డ్రైవ్‌లో వెయ్యండి. నాకు భయంగా ఉంది."

"నీకెప్పుడు భయంగా లేదు? లిఫ్ట్ ఎక్కాలన్నా భయమే."

"ఇది లిఫ్ట్ భయం కాదు. ఎడమపక్క చూడండి. వద్దు, వద్దు, మీరు చూడకండి, రోడ్డు చూడండి. ఇక్కడ లోయకి అడ్డుగోడ కూడా లేదు."

"మెకానిక్ చెప్పాడే బాబూ. కావాలంటే అడుగు."

"ఏం చెప్పాడు?"

"న్యూట్రల్‌లో ఉంచితే గేరు మీద ఒత్తిడి తగ్గుతుందని."

"బండి ఆగున్నప్పుడు! సిగ్నల్ దగ్గర చాలాసేపు ఆగాల్సొస్తే అన్నాడు. మీరు ఫోనొచ్చిందని మధ్యలో బయటికి పోయారు. మిగతాదంతా విన్నది నేను."

"మిగతా ఏముంది?"

"దొర్లుతున్న బండిని న్యూట్రల్‌లో వెయ్యొద్దన్నాడు. లోపల ఆయిల్ సరిగ్గా తిరక్క గేరే పాడవుతుందన్నాడు. పైగా దిగుడులో బండి బరువంతా బ్రేకుల మీదే పడుతుందన్నాడు."

"మరి అప్పుడే చెప్పొచ్చుగా?"

"చెప్పాను. ఇంటికొచ్చే దారంతా చెప్పాను. మీరేమో గేరు చప్పుడు వింటూ నన్ను నోరు ముయ్యమన్నారు."

"ముయ్యమన్లేదు. కాసేపు ఆగమన్నాను."

"ఒరేయ్, ఏదో మాడుతోందిరా."

"అమ్మా, లేచావా? ఏం లేదు, పడుకో."

"అమ్మాయ్, పొయ్యి కట్టేశావా?"

"మనం ఇంట్లో లేమత్తయ్యా, కార్లో ఉన్నాం. వాంతుల మాత్ర వేసుకున్నారుగా, ఆ మత్తు. పడుకోండి."

"కార్లో ఏం మాడుతుందే?"

"నేనూ అదే అడుగుతున్నాను. ఏం మాడుతోందండీ?"

"ముందు లారీ ఏదో పోయుంటుంది."

"ముందు లారీ లేదు. వెనకా లేదు. మన బ్రేకులే. దిగుడు మొదలైనప్పట్నించీ మీరు కాలు తియ్యలేదు."

"తీస్తే స్పీడు పెరుగుతోంది."

"పెరగదూ మరి! పట్టుకుని ఆపే గేరుని పడుకోబెట్టారు కదా."

"ఒరేయ్ నాన్నా, ఊపిరాడ్డం లేదురా. ఈ తలుపు తెరుచుకోదేం?"

"అది లోపల్నించి తెరుచుకోదమ్మా. పోయినసారి నడుస్తున్న బండిలో తలుపు తీశావు, గుర్తుందా? అప్పట్నించి లాక్ పెట్టాను. అద్దం దించుతున్నా, ఉండు."

"ఇప్పుడు చల్లగా ఉంది. ఇక పడుకుంటా. మెల్లిగా తోలరా, కుదుపులు లేకుండా."

"విన్నారా? మెల్లిగా తోలమంటున్నారు. డ్రైవ్‌లో వెయ్యండి."

"ఈ రెండు మలుపులూ దాటనీ."

"ఈ రెండూ దాటితే ఇంకో రెండంటారు. నాకు మీ సంగతి... ఏమైంది?"

"ఏం లేదు."

"ఎందుకలా చూస్తున్నారు కిందికి? రోడ్డు చూడండి. ఏమైందో చెప్పండి."

"పెడల్ లోపలికి పోతోంది."

"పోతోందంటే?"

"తొక్కుతున్నాను. మెత్తగా లోపలికి పోతోంది. ఆగట్లేదు. తొక్కుతున్నాను, ఆగట్లేదు!"

"డ్రైవ్‌లో వెయ్యండి!"

"ఈ స్పీడులో వేస్తే గేర్‌బాక్స్..."

"వెయ్యండి!"

"ముక్కలైపోతుందే!"

"మనం ముక్కలవుతాం! వెనక మీ అమ్మ ఉంది!"

"మలుపు, మలుపు, పట్టుకో!"

"హారన్ కొట్టండి! తియ్యకండి, కొడుతూనే ఉండండి! నేను వేస్తాను, చెయ్యి తియ్యండి."

"వద్దు, నేనే... వేశాను. డ్రైవ్‌లో పడింది."

"ఇంకా కిందికి లాగండి. రెండు అని ఉంది చూడండి. ముందు రెండులో."

"అరుస్తోంది. విను, ఎలా అరుస్తోందో!"

"అరవనివ్వండి! తగ్గుతోందా?"

"తగ్గుతోంది. కొద్దిగా... ఆ, తగ్గుతోంది."

"ఇప్పుడు లో గేరు. అన్నిటికంటే కింద. లాగండి."

"దేవుడా, దేవుడా..."

"తగ్గిందండీ. బాగా తగ్గింది. అదిగో, ఈ మలుపు దాటగానే పక్కన వెడల్పుగా ఉంది. అటు తిప్పండి. హ్యాండ్‌బ్రేక్ మెల్లిగా లాగండి. ఒక్కసారి కాదు, మెల్లిగా... మెల్లిగా..."

"ఆగింది."

"ఆగిందా?"

"ఆగిందే. ఆగింది."

"ఏరా, వచ్చేశామా?"

"లేదమ్మా. ఊరికే, కాసేపు ఆగాం. నువ్వు పడుకో."

"హారన్ ఎందుకలా కొట్టావు? ఊళ్ళో వాళ్ళు తిట్టుకోరూ?"

"తప్పైపోయిందమ్మా. పడుకో."

"ఇంజన్ ఆపండి. దిగండి. చక్రాల్లోంచి పొగ చూడండి. నీళ్ళు పోద్దామా?"

"వద్దు, వద్దు. కాలిన పెనం మీద పోసినట్టే. పగిలినా పగులుతుంది. దానంతటదే చల్లారాలి."

"మరీ మలుపు పక్కనే ఆపాం. పైనుంచి వచ్చేవాడికి మనం కనపడం. మీద పడిపోతాడు. నేను పైకెళ్ళి చెయ్యి ఊపుతాను."

"ఒక్కదానివే వద్దు. నేనూ వస్తాను. అక్కడ రాళ్ళకుప్ప చూశాను, చక్రం కింద పెట్టడానికి ఒక రాయి కూడా తెస్తా."

"మరి అత్తయ్య?"

"చూడు, అప్పుడే గురక. లేపితే కంగారు పడుతుంది. అద్దాలు దించే ఉన్నాయి, ఫోన్ తన పక్కనే ఉంది. పద."

"కాస్త ఆగండి. ఇక్కడ కంకర మీద చెప్పులు జారుతున్నాయి."

"చెయ్యి పట్టుకో. ఇంకొంచెం పైకి... ఆ, ఇక్కడ చాలు. ఎవరొచ్చినా దూరం నుంచే చూస్తారు మనల్ని."

"ఇక్కణ్ణుంచి మన కారు కనపడట్లేదు."

"మలుపు అడ్డం. ఎక్కడికీ పోదులే."

"ఏవీ, మీ చేతులు చూపించండి."

"ఎందుకు?"

"పట్టుకోవడానికి."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. ఇవి మళ్ళీ గేరు మీదికి పోకముందే."

"నాకు చాలా భయమేసిందే. ఆ మలుపులో, అద్దంలో అమ్మ మొహం కనపడింది. నోరు తెరుచుకుని నిద్రపోతోంది, చిన్నపిల్లలా. నన్ను నమ్ముకుని నిద్రపోతోంది. నేనేమో ఆ క్షణంలో కూడా గేరు గురించే ఆలోచించాను. మనిషినేనా నేను?"

"ఆలోచించారు. అయినా వేశారు కదా."

"నువ్వు అరిస్తే వేశాను."

"ఇకనించి ముందే అరుస్తాను."

"నవ్వించకు. ఏడుపొస్తోంది నాకు."

"ఏడవండి. ఇక్కడ ఎవరున్నారు చూడ్డానికి?"

"ఇంకెప్పుడూ దిగుడులో న్యూట్రల్ వెయ్యను. నీ మీద ఒట్టు."

"నా మీద వద్దు. మీ గేరు మీద వెయ్యండి, అప్పుడు నమ్ముతాను."

"దానికేమైనా అయ్యుంటుందంటావా? అంతలా అరిచింది..."

"చూశారా, మళ్ళీ మొదలు! సరే, మీరు రాయి ఏరండి. తాళం ఇలా ఇవ్వండి, డిక్కీలోంచి మంచినీళ్ళు తెస్తాను. నాలుక పిడచకట్టుకుపోయింది."

"తాళం బండికే ఉంది."

"తియ్యలేదా?"

"తీద్దామని చూశాను. రాలేదు. బిగుసుకుంది."

"రాలేదా?"

"వేడికేమో."

"తాళానికి వేడేంటండీ? ఈ బండికి గేరు పార్కింగ్‌లో ఉంటేనే తాళం బయటికొస్తుంది."

"ఆ..."

"ఏమండీ. పార్కింగ్‌లో పెట్టారా?"

"హ్యాండ్‌బ్రేక్ వేశానుగా. గట్టిగా లాగాను. నువ్వు చూశావు."

"నేనడిగింది అది కాదు."

"ఏటవాలులో బండి బరువు పార్కింగ్ గేరు మీద వెయ్యకూడదు. గేరు దెబ్బతింటుంది. మెకానిక్ చెప్పాడు. ఇది మాత్రం నేను విన్నాను. నా చెవులతో విన్నాను."

"అదీ సగమే విన్నారు! ముందు హ్యాండ్‌బ్రేక్ లాగి, బరువు దాని మీద పడ్డాక, అప్పుడు పార్కింగ్‌లో పెట్టమన్నాడు. రెండూ ఉండాలన్నాడు. రెండూ!"

"అప్పటికే నాకు ఫోనొచ్చింది..."

"ఇప్పుడు గేరు దేన్లో ఉంది?"

"అలా అరవకు."

"దేన్లో ఉందండీ?"

"న్యూట్రల్‌లో."

"న్యూట్రల్‌లోనా!"

"అలవాటే. ఆగగానే చెయ్యి అటు పోయింది. పాపం అంత అరిచింది కదా, కాసేపు దానికి..."

"బండి మొహం దిగుడు వైపుంది. ముందు గోడ లేదు."

"హ్యాండ్‌బ్రేక్ పట్టుకునే ఉంటుందే. మనం దిగేటప్పుడు పట్టుకునే ఉందిగా. అంగుళం కూడా కదల్లేదు."

"మనం దిగేటప్పుడు అది కాలుతోంది. కాలిన బ్రేకుని నమ్మొద్దన్నాడు మెకానిక్. వేడి మీద ఎంత గట్టిగా లాగినా చల్లారేకొద్దీ వదులైపోతుందన్నాడు. అప్పుడు పార్కింగ్ గేరే ఆపుతుందన్నాడు. అది కూడా వినలేదు మీరు!"

"మనం వచ్చి ఎంతసేపైంది?"

"పరిగెత్తండి!"

"రాయి..."

"రాయి వదిలెయ్యండి! కాదు, తీసుకురండి! ఏదోటి చెయ్యండి, ముందు పరిగెత్తండి!"

"అమ్మా! అమ్మా!"

"ఇక్కణ్ణుంచి వినపడదు, పరిగెత్తండి!"

"నీ ఫోన్ మోగుతోంది!"

"అత్తయ్య. అత్తయ్య చేస్తున్నారు. హలో! అత్తయ్యా, వస్తున్నాం, వచ్చేస్తున్నాం!"

"ఎక్కడికి రావడం? అమ్మాయ్, ఇప్పుడే మెలకువొచ్చిందే. కుదుపు లేదు, చప్పుడు లేదు, బండి ఎంత మెత్తగా పోతోందో. కానీ ముందు సీట్లో మీరిద్దరూ కనపడట్లేదు. మరి తోలుతోందెవరే?"