మిల్లు బొమ్మకి మిగిలిన తలుపు

గుంటూరు, 2007 వేసవి. కంప్యూటర్‌తో నడిచే చెక్కుడు మెషీన్లు అమ్మే అష్రఫ్ షాపుకి శ్రీమన్నారాయణ అనే పెద్దాయన వచ్చి అరగంటయింది.

“అది వద్దు బాబూ, మరీ పెద్దది. మంచాలు చేసేవాళ్ళకి పనికొస్తుంది. నేను సరదాకి బొమ్మ ఇళ్ళు కట్టుకునేవాణ్ణి.”

“అయితే ఈ చిన్నది చూడండి శ్రీమన్నారాయణ గారూ. బల్ల అడుగున్నరే. కంప్యూటర్లో గీసిచ్చారంటే చాలు, అదే చెక్కుకుంటూ పోద్ది. ప్రింటర్ వైరు పెట్టే చోటే దీని వైరు పెట్టాలి.”

“ఇన్నాళ్ళూ చేత్తోనే చేశాను. ఇప్పుడు వణుకు. బ్లేడు పట్టుకుంటే గీత ఎటో పోతోంది.”

“ఇది వణకదండీ. ఎంత సన్నగా కావాలి?”

“వెంట్రుకంత.”

“అమ్మో! దానికి సూదిలాంటి బిట్టు వెయ్యాలి. నెమ్మదిగా నడపాలి, లేకపోతే విరిగిపోద్ది. ఇంతకీ ఏం కడుతున్నారు? రైలా? గుడా?”

“మిల్లు. పత్తి మిల్లు. గింజలు తీసే జిన్నింగు గది, బేళ్ళ గోడౌను, మెట్లు... అన్నీ అయిపోయినయ్. పదేళ్ళు పట్టింది. ఒక్క తలుపే మిగిలింది.”

“పదేళ్ళా! ఎక్కడి మిల్లండీ అంత ముచ్చటపడ్డారు?”

“ప్రత్తిపాడు రోడ్డులో ఉండేది. ఇప్పుడు లేదులే.”

“ప్రత్తిపాడు రోడ్డంటే... తగలబడిందే, అదా?”

“అదే.”

“సార్... మా అమ్మ అందులోనే పోయింది.”

“తెలుసు.”

“తెలుసా? ఎట్లా తెలుసు?”

“నీ షాపు బోర్డు మీద ఆమె పేరే ఉందిగా. రసూల్‌బీ. పత్తిలో చెత్త ఏరేది. అది చూసి రెండుసార్లు వెనక్కి పోయాను. ఊళ్ళో ఈ మెషీను అమ్మేది నువ్వొక్కడివే అన్నారు, మళ్ళీ వచ్చాను.”

“మీరు ఆ మిల్లులో చేశారా?”

“సూపర్‌వైజర్ని. దీనికి టేకు చెక్క ఎంత మందం పడుద్ది?”

“చెక్క సంగతి తర్వాత. ఆ రోజు ఉన్నారా మీరు?”

“ఉన్నాను.”

“చెత్త ఏరే గది తలుపు తీసే ఉంది, పొగలో దారి కనపడక పదకొండు మంది పోయారని ఆఫీసర్లు రిపోర్టులో రాశారు. మా నాన్న ఆ కాయితం ఇంకా దాచుకున్నాడు.”

“ఆ మాట రాయించింది నేనే.”

“నిజమే కదండీ?”

“మందం పావంగుళం అనుకో...”

“నిజమే కదా అంటున్నా!”

“కాదు బాబూ. పనివేళల్లో ఆడవాళ్ళు బయటికి పోకూడదని ఓనరు బయట తాళం వేయించేవాడు. ఆ రోజు వేసింది నేనే. పొగ చూసి పరిగెత్తాను. గేటు దాకా పోయాక జేబులో తాళంచెవి తగిలింది.”

“వెనక్కి పోలేదా?”

“అక్కడే నిలబడ్డాను. తలుపు బాదుతున్నారు. వినపడుతోంది.”

“ఎంతసేపు?”

“ఆ చప్పుడు ఆగిందాకా.”

“యా అల్లా...”

“మంట ఆ గదికి రానేలేదు. పొగే చంపింది. మర్నాడు ఆఫీసర్లు వచ్చేలోపు ఆ తలుపు పీకించి వేరేది పెట్టించాను. లోపలివైపంతా గీతలు. గోళ్ళ గీతలు. అవి బొమ్మలో వెయ్యాలి. చేత్తో రావట్లేదు, అందుకే ఈ మెషీను.”

“లే! బయటికి నడువ్!”

“పోతాను.”

“ఆగు. పీకించిన తలుపేం చేశావ్? కాల్చేశావా?”

“కాల్చలేకపోయాను. కొలతలకని తెచ్చాను, బయట సామాన్ల ఆటోలో ఉంది. ఒక చెయ్యి వెయ్యి బాబూ, ఒక్కణ్ణే దించలేను.”