ఆటు రాని రోడ్డు

ఖియెం సైగాన్ నుంచి ఊరికొచ్చి పదిరోజులైంది గానీ, కాలవ గట్టున కాఫీ దుకాణంలో మాత్రం కబుర్లలో ఇంకా రోజూ ఆ సైగాన్ బస్సు దిగుతూనే ఉన్నాడు. మొదటిరోజు అక్కగారింటికి పోతూ ఒక రోడ్డు దాటానన్నాడు, అంతే. ఈ పదిరోజుల్లో ఆ రోడ్డు బాగా వెడల్పయింది.

మిగతావాళ్లకి అది కాలక్షేపం. తోవాకి మాత్రం అరికాళ్లలో చెమటలు పడుతున్నాయి. రేపు పొద్దున ఆవిడ ఆ బస్సే ఎక్కాలి. కూతురు నిన్న సైగాన్‌లో ప్రసవించింది. అల్లుడు చేపల ఓడ మీద వేటకి పోయాడు. బాలింతకి పథ్యం వండిపెట్టే దిక్కు లేదు. కూతురి ఇల్లు బస్సు ఆగే చోటికి ఎదురుగానే, రోడ్డవతల సందులో. యాభై రెండేళ్లలో తోవా దాటినవన్నీ కాలవలే.

“ఖియెం అన్నా, నిజంగా అంత పెద్ద రోడ్డా?”

“పెద్దదా అని అడుగుతావేంటమ్మా! మోటారు సైకిళ్లు, ఒక్కో బండి మీద మొగుడూ పెళ్లాం, ముగ్గురు పిల్లలు, ఒళ్లో పందిపిల్ల, ఆ పందిపిల్లకీ ఓ హెల్మెట్టు! వేలు దూరే సందు లేదు. పైనుంచి మామిడికాయ రాలిందనుకో, నేలమీద పడదు, హెల్మెట్ల మీదే దొర్లుకుంటూ పోయి పక్క పేటలో పండుతుంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“ఆ పండు తిన్నావు,” అన్నాడు దుకాణం తావ్, గ్లాసులో పాలు వంపుతూ.

“నువ్వు పాలు చూసుకోరా! నా పక్కన ఓ పెళ్లివారు నిలబడ్డారు. పెళ్లికూతురు అవతల గట్టున. ఎప్పుడొచ్చారయ్యా అంటే పోయిన టెట్ కొత్తేడాది పండక్కి అన్నారు. నా కళ్లముందే పెళ్లికొడుక్కి జుట్టు నెరిసింది!”

అందరూ పడీపడీ నవ్వారు. తోవా పెదాలు తడుపుకుంది.

“మరి ఆడవాళ్లు దాటరా అన్నా?”

ఖియెం గొంతు తగ్గించాడు. గొంతు తగ్గిందంటే పెద్దదేదో రాబోతోందని అందరికీ తెలుసు. “ఒకావిడ దిగింది. నీ ఈడే. చేతిలో బొప్పాయిల సంచి. ఒక్కటంటే ఒక్క అడుగు వేసింది. బొప్పాయిలు అవతలికి చేరాయి తల్లీ, ముక్కలై. ఆవిడ చేరలేదు.”

తోవాకి ఇంట్లో సంచి గుర్తొచ్చింది. పందికాళ్లతో కలిపి ఉడికించి పెడితే బాలింతకి పాలు పడతాయని ఇంట్లో నాలుగు పచ్చి బొప్పాయిలు సంచిలో కట్టిపెట్టింది.

“మరి నువ్వెలా దాటావు?”

“నేనా? చెప్పులు విప్పి చంకన పెట్టా. ఎగిరి మొదటి హెల్మెట్టు మీద కాలేశా. వెదురు వంతెనల మీద పెరిగినోళ్లం, మనకదో లెక్కా? హెల్మెట్టు మీంచి హెల్మెట్టుకి, రెండొందల నలభై దాటా, ఒకడైతే తల వంచి ‘జాగ్రత్త మామా’ అన్నాడు కూడా! మధ్యలో ఆయాసమొస్తే ఓ లావుపాటాయన నెత్తిన కూర్చుని కాఫీ తాగా. తీరా దిగి చూస్తే, ఆ ఊపులో అక్క ఇల్లు దాటేసి రెండు వీధులు పోయా!”

తోవా లేచి నిలబడింది.

“తావ్, నీ ఫోను ఓసారి ఇవ్వు. రాలేనని పిల్లకి చెప్పేస్తా. నాకు భయమేస్తోంది. ఎవరేమనుకున్నా సరే. దారిలోనే పోయేదాన్ని, దానికేం వండిపెడతాను?”

నవ్వులు ఆగిపోయాయి. తావ్ ఫోను అందించాడు. చాప మీద కూర్చుని కలువకాడల పీచు తీస్తున్న న్యాన్ తలెత్తింది. ఆవిడ ఖియెం భార్య. నలభై ఏళ్ల కాపురంలో మొగుడి కోతలకి ఏనాడూ అడ్డం రాలేదు.

“కూర్చో తోవా. ఆ రోజు నేనూ పక్కనే ఉన్నా. ఈయన రోడ్డు మీద కాలే పెట్టలేదు. ‘ఎంత పోటెత్తిన నీరైనా ఆటు రాకుండా ఉంటుందా, తగ్గాక పోదాం’ అని సంచి మీద కూలబడ్డాడు. ఎనిమిదింటి నుంచి మధ్యాహ్నం దాకా బండ్లకి ఆటు ఎప్పుడొస్తుందా అని చూశాం. ఆఖరికి వాళ్లక్కే వచ్చి తీసుకుపోయింది.”

దుకాణం ఘొల్లుమంది. ఖియెం ముఖం కందగడ్డలా అయింది.

తోవా నవ్వలేదు. “వాళ్లక్క ఎలా వచ్చింది?”

“నడిచి. డెబ్బై నాలుగేళ్లు, ఓ మోకాలు వంగదు, చేతిలో కూరల బుట్ట. సొంత వాకిట్లో నడిచినంత తాపీగా వచ్చింది. బండ్లే తప్పుకుపోయాయి. మళ్లీ ఈయన చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయింది. ఈయన కళ్లు మూసుకున్నాడు.”

ఖియెం గ్లాసులో చెంచా చాలాసేపు తిప్పాడు. ఎవరి వంకా చూడకుండా అన్నాడు: “పరిగెత్తకు తోవా. మధ్యలో ఆగకు. వెనక్కి అడుగు అసలే వెయ్యకు. అక్క పట్టుకునుండగానే నేనొకటి వేశా, ఓ బండి గుద్దబోయింది. నెమ్మదిగా ఒకే నడక నడువు. వాళ్లు నిన్ను చూస్తారు.” చెంచా పక్కన పెట్టి, “చచ్చేంత భయమేసింది నాకు,” అన్నాడు.

తోవా ఫోను తావ్ చేతిలో తిరిగి పెట్టేసింది.

“అన్నా, ఇప్పుడైతే దాటగలవా?”

“ఓ, ఎందుకు దాటలేను!”

“అయితే రేపు నాతో రా. చెయ్యి నేను పట్టుకుంటా.”

ఖియెం పెళ్లాం వంక చూశాడు.

“వస్తాడు,” అంది న్యాన్. “పొద్దున్నే లేపి పంపిస్తా.”