నల్లరాళ్ల దారి

గోడలెక్కే జిమ్ము. గోడలకి పట్టుకుని ఎక్కడానికి రంగురంగుల రాళ్లు బిగించారు, ఒక్కో రంగు ఒక్కో దారి. తాళ్లు లేవు, కింద మందపాటి పరుపులు మాత్రం ఉన్నాయి. అక్క ఇప్పుడే పైనుంచి దూకింది. చెల్లెలు పరుపు అంచున కూర్చుని ఉంది.

"చూశావా? ఆడవాళ్లలో ఈ నల్లరాళ్ల దారి పైదాకా ఎక్కింది నేనొక్కదాన్నే."

"చూశానక్కా. భలే ఎక్కావు. నన్నూ ఓసారి ఎక్కనీ."

"నీకెందుకే? మొదలుపెట్టి నెల కాలేదు. ఆ పచ్చరాళ్లు ఎక్కు, నీకవి చాలు."

"పచ్చవి అయిపోయాయిగా. కోచ్ గారే నల్లవి ఎక్కి చూడమన్నారు."

"ఎప్పుడు?"

"ఇందాక. నువ్వు బూట్లు మార్చుకుంటుంటే."

"ఓహో. ఇంకేమన్నారు?"

"ఏం లేదు."

"చెప్పవే."

"నా వేళ్లు గోడ కోసమే పుట్టాయన్నారు. ఊరికే అన్నార్లే."

"ఏడాదిగా నేర్పుతున్నారు నాకు. ఒక్కరోజైనా నా వేళ్ల వంక చూసిన పాపాన పోలేదు."

"కుళ్లా అక్కా?"

"కుళ్లే. చిన్నప్పుడు నేను గొంతు చించుకుని నేర్చుకున్న పాట, నువ్వు తలుపు చాటున విని పాడేశావు. అందరూ నీకే చప్పట్లు కొట్టారు. కడుపు మండదా?"

"ఇప్పుడా పాటెందుకు?"

"సరే, వదిలెయ్. అసలు నిన్నిక్కడికి తెచ్చిందెందుకు? ఆ కళ్లజోడు డాక్టర్ని మర్చిపోతావని. మర్చిపోయావా?"

"నిన్న ఫోన్ చేశాడు."

"ఎత్తావా?"

"ఎత్తాను. అతన్ని సినిమా హాల్లో ఎవరో అమ్మాయితో చూశానన్నావే, ఆ సాయంత్రం ఆస్పత్రి దాటి బయటికే రాలేదట."

"మరేమంటాడు? దొరికినవాడు ఎవడైనా ఒప్పుకుంటాడా?"

"నేనూ అదే అన్నా. మా అక్క నా దగ్గర అబద్ధమాడదన్నా."

"మంచి పని చేశావు."

"నీకూ అతను నచ్చాడనుకున్నానే మొదట్లో. అతను మనింటికొచ్చినప్పుడల్లా తలుపు తీసింది నువ్వే. టీ ఇచ్చిందీ నువ్వే."

"వచ్చినవాళ్లకి తలుపు తియ్యకుండా ఉంటారా? ఏం మాటలే అవి?"

"ఊరికే అన్నా. పెళ్లి వద్దని చెప్పి రెండు నెలలైంది, ఇంకా నిద్ర పట్టట్లేదక్కా."

"పడుతుందిలే. అతనికంటే మంచివాడొస్తాడు. నీకు రాకేం, నీకన్నీ నడుచుకుంటూ ఇంటికొస్తాయి."

"సరే, ఎక్కుతున్నా. ఒక్కటి చెప్పు. పైన గోడ ముందుకి వంగిన చోట ఏ కాలు పెట్టాలి?"

"చూసి తెలుసుకోవాలి. ఇక్కడ అడక్కుండా ఎవరూ ఎవరికీ చెప్పరు."

"అందుకే అడుగుతున్నా. నువ్వు చెప్పిన కాలే పెడతా."

"కుడికాలు."

"కుడికాలా?"

"కుడికాలే. ఎన్నిసార్లడుగుతావు? జారకుండా చేతులకి పొడి రాసుకుని ఎక్కు, ఎక్కు. కోచ్ గారు కూడా ఇటే వస్తున్నారు."

"బావుంది, బావుంది. చూశారా మీ చెల్లెల్ని? మెట్లెక్కినట్టు ఎక్కేస్తోంది."

"చూస్తూనే ఉన్నా కోచ్ గారూ."

"ఆ వంపొక్కటి దాటితే మీకు తోడొచ్చినట్టే. ఇంకొంచెం... అయ్యో, కుడికాలు కాదమ్మా! దెబ్బ తగిలిందా?"

"లేదు సార్. పరుపు మీదేగా పడ్డాను."

"అక్కడ కుడికాలు పెడితే ఎంతటివాళ్లయినా పడాల్సిందే. ఎవరు చెప్పారు నీకు?"

"నాకే తోచింది సార్."

"పక్కనే మీ అక్కుందిగా, అడక్కపోయావా? సరే, కాస్త ఊపిరి పీల్చుకో. అటు కొత్తవాళ్లని చూసొస్తా."

"వెళ్లారాయన. నా పేరెందుకు చెప్పలేదే?"

"ఎందుకు చెప్పాలి?"

"నోరు జారింది. ఎడమ అనబోయి కుడి అన్నా. ఎక్కేటప్పుడు ఒంటికి తెలుస్తుంది గానీ, అడిగితే నాకే గుర్తుండదు ఏ కాలో."

"నాకు గుర్తుంది. ఇందాక నువ్వెక్కుతుంటే కిందనుంచి చూశాగా. ఎడమకాలు పెట్టావు."

"తెలిసీ కుడికాలు పెట్టావా? నడుం విరిగుంటే?"

"నువ్వు చెప్పిన కాలే పెడతానన్నాగా. ఏం చెప్తావో చూద్దామనిపించింది."

"ఓ గోడ కోసం ఇంత నాటకమా? సరే, కుళ్లు ఆగలేదు, తప్పు చెప్పాను. ఏం మునిగిపోయింది? మళ్లీ ఎక్కు. ఎడమకాలు పెట్టి ఎక్కు, పో."

"గోడ సంగతి వదిలెయ్. ఆ సాయంత్రం సినిమా హాల్లో నువ్వెవర్ని చూశావక్కా?"