ప్రేమ్‌సాగర్ ఒక్కడే గెలిచిన మ్యాచ్

మర్రిగూడల మెహమూద్ చాయ్ హోటల్ కాడ నాలుగు బల్లలుంటయి. అండ్ల రోడ్డు దిక్కు బల్ల ప్రేమ్‌సాగర్‌ది. రాసియ్యకున్నా ఆయనదే. పత్తికి మందు కొట్టొస్తనని ఇంట్ల చెప్పి బయల్దేరి, ఆ బల్ల కాడికి వచ్చేసరికి మందు సంగతి మర్శిపోతడు. నలభై అయిదేండ్లొచ్చినయి, పొట్ట ముంగటికొచ్చింది, అయినా ఆటగాడినని నలుగురికి ఎరుకుండాలెనని నీలిరంగు ట్రాక్ ప్యాంటే తొడుగుతడు.

మెహమూద్ ఆయన తోటోడే. తొమ్మిదేండ్ల సంది చాయ్ మరగవెట్టుకుంట ఆయన కోతలు ఇంటనే ఉన్నడు. అన్నిట్ల పెద్ద కోత హుజూర్‌నగర్ మ్యాచ్‌ది. రాష్ట్రం వచ్చిన మరుసటేడు జూన్ రెండు నాడు అక్కడ వాలీబాల్ పోటీలు వెడితే మర్రిగూడ నుంచి ఆరుగురు పోయిండ్రు. ఆ ఆరుగురిల మెహమూద్ ఒకడు. మొదటేడు ప్రేమ్‌సాగర్ ఆ కథ చెప్తే అండ్ల ఆరుగురుండిరి. రెండేండ్లకు నలుగురైరి. పోయినేడు ప్రేమ్‌సాగర్, ఇంకెవడో ఒకడు మిగిలిండ్రు. మెహమూద్ ఒక్కనాడు నోరు తెరిచి అడగలే. అడిగితే ఏమొస్తది, కోపమొచ్చి చాయ్‌కి రాకుంట పోతడా, గది గూడ జరగదు అనుకునేటోడు.

ఆ పొద్దు మాత్రం లెక్క వేరే ఉండె. హైస్కూల్‌కు కొత్తగ వచ్చిన పీఈటీ మేడం నవనీత స్కూటీ ఆపి లోపలికొచ్చింది. ఆడపిల్లల వాలీబాల్ జట్టును జిల్లా పోటీలకు తీస్కపోవాలె, నెల దినాలే ఉన్నయి, నెట్ కాడ నిలవడి నేర్పెటోడు ఒకడు కావాలె. ఊర్ల ఎవల్నడిగినా ప్రేమ్‌సాగర్ పేరే చెప్పిండ్రట. చెప్పరా మరి, ఊరంత ఆయన నోటి నుంచే ఇన్నది.

"కూసోండ్రి మేడం," అన్నడు ప్రేమ్‌సాగర్, బల్ల మీద తను కొంచెం గూడ జరగకుంటనే. "నేను పెద్ద ఆటగాన్నని నేనైతే అనను. సర్వీస్ జర మంచిగ ఏస్త, గంతే. కోర్టు ఆఖరి గీత మీద పైస బిళ్ల పెడితే దాని మీదనే పడ్తుండె బాల్. ఇగ అది పెద్ద ముచ్చటేం గాదు."

"పైస బొమ్మ పడ్డదో బొరుసు పడ్డదో గూడ చెప్తుండె," అన్నడు పక్క బల్ల మీదున్న యాదయ్య. అరవై ఏండ్ల రైతు. కోత కోత అని ఎరికుండి గూడ ఒక్క మాట ఇడిశిపెట్టకుంట ఇంటడు.

"నువ్వు ఊకో మామా. మేడం, మీ పుస్తకాలల్ల వాలీబాల్ ఎక్కడ పుట్టిందని రాసిండ్రు?"

"అమెరికాల," అన్నది నవనీత. "పద్దెనిమిది వందల తొంభై అయిదుల. బాస్కెట్‌బాల్ ఆడితే వయసు మళ్లినోళ్లు ఒగరుస్తున్నరని, తోసుకునుడు గుద్దుకునుడు లేకుంట నడుమ నెట్ కట్టి బాల్‌ను చేతులతోటి అటిటు ఎగరేసే ఆట తయారుచేసిండు ఒక వ్యాయామం సారు. మొదాలు మింటనెట్ అన్నరు. బాల్ కింద పడకుంట గాల్లనే ఆడుతరని తర్వాత వాలీబాల్ అన్నరు."

ప్రేమ్‌సాగర్ నవ్వు చూస్తే అమెరికా మీద జాలి పడ్తున్నట్టుండె. "ముసలోళ్ల కోసమట! అంతా అబద్ధం మేడం. మా తాత నిజాం కాలంల చేన్ల కావలి కూసుంటే, పక్క చేనోడు కచ్చ కొద్దీ కంచె మీది నుంచి గుమ్మడికాయ ఇసిరిండు. మా తాత కింద పడనిచ్చిండా? రెండు చేతులతోటి తిరిగి కొట్టిండు. ఆడు మళ్ల కొట్టిండు. మూడు దినాలు నడిసింది. ఇటు మా తాతోళ్లు ఆరుగురు అన్నదమ్ములు, అటు ఆళ్లు ఆరుగురు. వాలీబాల్‌ల దిక్కుకు ఆరుగురే ఎందుకున్నరో ఇప్పుడు తెలిసిందా?"

"మీ తాతకు ఒక్కడే తమ్ముడు గద," అన్నడు యాదయ్య.

"మిగిలినోళ్లు పట్నం పోయిండ్రు. నీకు ఎరుకలేదు."

నవనీత నవ్వాపుకొని బ్యాగుల నుంచి కాయితం తీసింది. పన్నెండుమంది పిల్లల పేర్లు. "ఈ పిల్ల చూడుండ్రి సార్, రమ. ఎనిమిది చదువుతది. పొట్టిదే గని ఏళ్లు మంచిగున్నయి. కొట్టెటోళ్లకు బాల్‌ను మెత్తగ ఎత్తిస్తది. లిఫ్టర్‌గ పెడ్దామనుకుంటున్న."

"పొట్టిదైతే తీసెయ్‌రి," అన్నడు ప్రేమ్‌సాగర్, కాయితం దిక్కు చూడకుంటనే. "లిఫ్టర్ ఎవడైతేంది? పెండ్లిల ఇస్తార్లేసెటోడు ఎంతో ఆడంతే. తినేటోడు వేరే ఉంటడు. నా తీరు కొట్టెటోళ్లు కావాలె మీకు."

"మీ జట్టుల లిఫ్టర్ ఎవరుండె సార్?"

అప్పుడే మెహమూద్ ఆమె ముంగట చాయ్ పెడ్తున్నడు. చెయ్యి అక్కడ్నే ఆగింది.

"లిఫ్టరా? ఎవడో ఉండె," అన్నడు ప్రేమ్‌సాగర్. "మొఖం గూడ యాదికి లేదు."

మెహమూద్ కప్పు పెట్టి పొయ్యి కాడికొచ్చిండు. గిన్నెల చాయ్ పొంగుతాంటే స్టవ్ తగ్గించాలెనన్న సోయి గూడ లేదు. లోపల మిర్చీలు ఏస్తున్న ఆయన భార్య అజ్మత్ బీ ఉరికొచ్చి గిన్నె దించి, మొగని మొఖం చూసి, మళ్ల లోపలికి పోయింది. మూడు తొమ్మిదేండ్లైనా ఇట్లనే ఊకుందును అనుకున్నడు మెహమూద్. ఆ పిల్ల పేరు రాకుంటే ఊకుందును.

ప్రేమ్‌సాగర్‌కు ఊపొచ్చింది. "హుజూర్‌నగర్ మ్యాచ్ చెప్త ఇనుండ్రి మేడం, అప్పుడు మీకే అర్థమైతది. ఆళ్లకు కృష్ణ పక్కనే, వరి బువ్వ తిని ఒక్కొక్కడు కరెంటు స్తంభం లెక్క ఉండె. మమ్ముల చూసి, ఫ్లోరైడ్ నీళ్లు తాగిన కాళ్లు, ఎగురుతయా వంగుతయా అని నవ్విండ్రు. నాకు మండింది. ఒక్కటే ఎగురు ఎగిరిన. ఎంత పైకి పోయిన్నంటే సాగర్ డ్యామ్ గేట్లు కనవడ్డయి. లెక్కవెట్టిన, రెండు ఎత్తి ఉన్నయి. కిందికి దిగంగ దిగంగ కొట్టిన షాట్‌కు ఆళ్లలో ఒకడు బాల్‌తోటి సహా పోయి షామియానల పడ్డడు. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా?"

"చెప్పు, ఆడు బతికిండా?" అన్నడు యాదయ్య.

"బతికిండు గని ఇప్పటికి గూడ గుండ్రటి వస్తువు చూస్తే వణుకుతడు. నాలుగు సెట్లైనయి, రెండు రెండు. ఆఖరి సెట్టు పదిహేను పాయింట్లది. ఇగ అప్పుడు మావోళ్ల సంగతి మొదలైంది. ఒకని కాలు పట్టేసింది. ఒకన్ని కందిరీగ కుట్టింది. ఒకనికి మామ ఇంటికొచ్చిండని ఫోనొస్తే ఆట నడుమనే బస్సెక్కిండు. ఇంకొకడు ఆళ్ల షాట్లు చూసి బాత్రూంకని పోయి ఇప్పటిదాంక రాలే. మిగిలినోడు లిఫ్టర్. ఆనికి వడదెబ్బ తగిలితే గుంజుకపోయి చెట్టు కింద పండవెట్టిండ్రు. ఎవడున్నడు ఇగ? నేను."

మెహమూద్ చాయ్ జాలి పట్టుకొని వడవోస్తున్నడు. అనుకున్నంత పనైంది. ఇగ మిగిలింది ఒక్కడే.

"ఒక్కరితోటి ఆట నడువదు గద సార్?" అన్నది నవనీత.

"అంపైర్ గూడ గదే అన్నడు. కోర్టుల ఆరుగురుండాలె, పాయింటొచ్చి సర్వీస్ చేతికొస్తే జాగలు మారాలె, రూల్ రూలే అన్నడు. లెక్కవెట్టు సారూ అని ఉరుకుడు మొదలువెట్టిన. ముంగట మూడు జాగలు, ఎనుక మూడు జాగలు. ఏ జాగల చూసినా నేనే. ఆయన ఏలు పెట్టి లెక్కవెట్టిండు, ఆరుగురొచ్చిండ్రు! ఇంకొకసారి లెక్కవెడితే ఏడుగురొచ్చిండ్రు. ఒకడు ఎక్కువున్నడు, బయటికి పంపమన్నడు."

యాదయ్య పకపక నవ్విండు. ప్రేమ్‌సాగర్ దాన్ని మెచ్చుకోలనుకున్నడు.

"అప్పుడు ఏసిన మేడం సర్వీస్. బాల్ పోయింది పోయింది, జొన్నగింజంతైంది, కనవడకుంటైంది. ఆళ్లు నోళ్లు తెరిచి మీదికి చూస్తున్నరు. నేను బయటికి పోయి చాయ్ తాగి, పైసలిచ్చి, ఆళ్ల ఊరి పెద్దమనిషితోటి రెండు ముచ్చట్లు పెట్టి వచ్చిన. అప్పుడు దిగింది. తడిసి దిగింది! మబ్బును చీరుకుంట పోయిందన్నట్టు. ఆ ఏడు మర్రిగూడల వానెట్లవడ్డదనుకున్నరు?"

"ఆ ఏడు కరువు గదనే," అన్నడు యాదయ్య. "నా కంది చేనంత ఎండె."

"అదే చెప్తున్న, ఒక్క వానన్న పడ్డదా లేదా? అది నాదే. ఇగ ఇనుండ్రి, ఆళ్లు పద్నాలుగు, నేను పదమూడు. ఇంకొక్క పాయింట్ పోతే మర్రిగూడ ఇజ్జత్ పోతది. ఆళ్లలో అందరికన్న పొడుగోడు ఎగిరి కొట్టిండు షాట్. గాలికి నెట్ చిరిగింది. నేను వంగి రెండు చేతులు జోడిచ్చి లేపిన. బాల్ మీదికి లేశింది. దాని కిందికి ఉరికిన, ఏళ్లతోటి నెట్ మీదికి మెత్తగ ఎత్తిన, మళ్ల ఎగిరిన, కొట్టిన! బాల్ ఆళ్ల కోర్టు నడుమ పడి భూమిల దిగవడ్డది. నాలుగు వందల ఫీట్లు. ఆ బొంద నుంచి నీళ్లు తన్నుకొచ్చినయి. తియ్యటి నీళ్లు, చుక్క ఫ్లోరైడ్ లేదు! ఆళ్లందరు చెప్పులు చేతవట్టుకొని ఉరికిండ్రు. మోకాలు లోతు నీళ్లల్ల నిలవడి అంపైర్ కప్పు నా చేతుల పెట్టిండు."

"మరి ఆ బోరేదే?" అన్నడు యాదయ్య. "మనకన్న పైపేస్తే పాయె."

"కండ్లమంటతోటి బండ పెట్టి మూసిండ్రు మామా." చాయ్ కప్పు ఎత్తి, మేడం దిక్కు తిరిగిండు. "అందుకే అంటున్న, లిఫ్టరు గిఫ్టరు ఏం వద్దు. ఆ పొట్టిపిల్ల పేరు కొట్టెయ్‌రి. రేపు పొద్దుమీకి గ్రౌండ్‌కొస్త."

నవనీత పెన్ను తీసింది. తీసింది గని కాయితం మీద పెట్టలే.

మెహమూద్ చాయ్ జాలి పక్కన పెట్టి తుండుతోటి చేతులు తుడుసుకున్నడు. బల్ల కాడికొచ్చి నిలవడ్డడు. "ప్రేమ్, ఒక మాట చెప్పు. ఆఖరుకు ఆళ్ల షాట్ లేపిందెవరు?"

"నేనే."

"లేపిన బాల్‌ను నెట్ మీదికి ఎత్తింది?"

"నేనే. ఇంకెవడున్నడు?"

"కొట్టింది?"

"నేనేనయ్యా! ఎన్నిసార్లు చెప్పాలె?"

"నడుమ ఇంకొకల చెయ్యి తగలలే?"

"ఈగ గూడ తగలలే!"

"అయితే ఓడిపోయినవ్," అన్నడు మెహమూద్.

యాదయ్య తన బల్ల ఇటు జరుపుకున్నడు.

"గదెట్ల?" అన్నడు యాదయ్య.

నవనీత కప్పు కింద పెట్టింది. "మూడుసార్లు ముట్టొచ్చు గని, ఒక్కలే ఎంబడెంబడి రెండుసార్లు ముట్టొద్దు పెద్దయ్యా. ఒకరు లేపితే ఇంకొకరు ఎత్తాలె. ప్రేమ్‌సాగర్ సార్ లేపి, మళ్ల ఆయనే ఎత్తిండంటే అక్కడ్నే ఫౌల్. పాయింట్ ఆళ్లకు. పద్నాలుగు మీదున్నరు గద, పదిహేనైంది."

"అంటే బోరు పడకముందే అయిపోయిందన్నట్టు," అన్నడు యాదయ్య. ఇగ ఆయన నవ్వు ఆగలే.

ప్రేమ్‌సాగర్ మొఖం గుంజుకపోయింది. ఒకసారి మేడంను చూసిండు, ఒకసారి రోడ్డును చూసిండు. దారి ఒక్కటే కనవడ్డది. "ఆగు, ఆగు. ఇప్పుడు యాదికొచ్చింది. నేను లేపిన. ఎత్తింది మెహమూద్! అవు మేడం, గీ మెహమూదే మా లిఫ్టర్. ఆ లిఫ్ట్ ఈనిదే."

ఆ మాట కోసం మెహమూద్ ఎన్ని పొద్దులు చెవులు రిక్కించిండో ఆయనకే ఎరుక. ఇయ్యాల వచ్చింది. తీరా వచ్చినంక చూస్తే అడుగువట్టిన చాయ్ లెక్కుండె.

"నేనెట్ల ఎత్తుత?" అన్నడు. "నాకు వడదెబ్బ తగిలి చెట్టు కింద పండుకున్న గద. నువ్వే అంటివి."

యాదయ్య నోట్ల చాయ్ అంగి మీద పడ్డది. లోపల అజ్మత్ బీ నవ్వు గూడ ఇనవడ్డది.

నవనీత నవ్వలే. మెహమూద్ చేతుల దిక్కు చూస్తున్నది. "చేతులు జర సూపిస్తరా?" అన్నది. ఆయన సిగ్గువడుకుంట సాపిండు. కుడిచెయ్యి చిటికెనేలు కొంచెం వంకరుండె. ఎన్నటిదో దెబ్బ, మంచిగ అతుకలే.

"రేపు నాలుగున్నరకు గ్రౌండ్‌కు వస్తరా? రమకు ఏళ్లు ఎట్ల పెట్టాల్నో చూపియ్యాలె."

"హోటల్ ఇడిశిపెట్టి..." అని నసిగిండు మెహమూద్.

"వస్తడు మేడం," అన్నది అజ్మత్ బీ లోపలి నుంచి. "చాయ్ నేను పోస్త."

నవనీత రమ పేరు పక్కన టిక్కు కొట్టి కాయితం మడిచింది. ప్రేమ్‌సాగర్ లేసి బండి కాడికి పోయిండు. తాళంచెవి ఒక జేబుల లేదు, ఇంకో జేబుల లేదు. ఎతుకుతనే ఉన్నడు.

"మరి నిజంగ ఆ మ్యాచ్ ఏమైంది?" అనడిగింది నవనీత.

"ఓడినం మేడం," అన్నడు మెహమూద్. "ఎవ్వల కాలు పట్టెయ్యలే, ఎవ్వలు బస్సెక్కలే. ఆఖరు దాంక ఆరుగురం ఉంటిమి. మంచిగనే ఎత్తిన, ప్రేమ్ గూడ మంచిగనే కొట్టిండు. ఆళ్లు మాకన్న బాగ ఆడిండ్రు. పదిహేను, తొమ్మిది."

బండి కాడి నుంచే, తల ఎత్తకుంటనే, ప్రేమ్‌సాగర్ మెల్లగ అన్నడు.

"తొమ్మిది గాదు. పదకొండు."

మెహమూద్ జరసేపు యాది చేసుకున్నడు. "అవు," అన్నడు. "పదకొండే."