ఆరిందనుకున్న బేలు

సాయంత్రం ఆరైంది. ఆదోని మీద మబ్బు కమ్ముకుంది గానీ చినుకు పడలేదు. ఆసుపత్రి కిటికీ వైపు చూడొద్దండి, ఆ మబ్బే మనకు చేటు తెచ్చింది. ఆక్సిజన్ మాస్కు మీద నుంచి చెయ్యి తీయండి.

ఏంది, బాగుందని చెయ్యి ఊపుతారా? నిన్న పొద్దున మన ఫ్యాక్టరీలో పట్టీలు బిగించిన దూది బేలు అంటుకున్నప్పుడు కూడా ఇట్లే ఊపినారు. బిందెలతో నీళ్ళు పోయించి, ఆరిపోయిందిలే, పోయి వంట చూసుకో అన్నారు.

కాలిన బేలును వారం దాకా బయటే పెట్టాల. మీ నాయన కాలం నుంచి మన ఇంట్లో పిల్లలకు కూడా తెలుసు ఆ సంగతి. పైన ఎంత తడిపినా లోపల నిప్పు పండుకొని ఉంటుందని మన కొడుకు మహేష్‌కు చెప్పింది మీరే గదా. మబ్బు చూసేసరికి అదంతా యాడికి పోయింది? వానకు తడుస్తుందని దాన్ని గోడౌను లోకి తోయించినారు, మంచి బేళ్ల పక్కకు.

నిప్పు మళ్ళీ రాజుకుంది అంటారు. జబ్బు తిరగబెట్టింది అంటారు. పాత గొడవ తిరగదోడినారు అంటారు. పోయిందనుకున్నది పోలేదని చెప్పేదానికి ఎన్ని మాటలో మనకు.

ఈ పొద్దు మధ్యాహ్నం హమాలీ సిద్దప్ప వాకిట్లోకి వచ్చి, "సావుకారమ్మా, మళ్ళీ రాజుకునింది" అన్నాడు. నా చేతిలో అన్నం గరిటె. యాడ పెట్టినానో తెలీదు.

మన కొడుకు లోపల ఉన్నాడని మీరు పోయినారు. పోవాల. బిడ్డ గదా. వాన్ని బయటికి తోసినారు. అంతటితో నిలబడుంటే మిమ్మల్ని దేవుడనేదాన్ని. మళ్ళీ ఎందుకు పోయినారు? ఎవరున్నారు లోపల? దూది.

సిద్దప్ప, ఇంకో హమాలీ అశోక్, ఇద్దరూ మిమ్మల్ని కాళ్ళు పట్టి ఈడ్చుకొచ్చినారు. మొగమంతా నల్లగా. మాట లేదు. అప్పుడు నేనేమనుకున్నానంటే... వద్దు. ఆ మాట నోట్లోకి రానియ్యను.

మాట్లాడొద్దండి. డాక్టరమ్మ ఏమన్నదో విన్నారా? పొగ మింగినోళ్ళకు తగ్గినట్టే ఉంటుందంట. ఊపిరి బాగానే ఆడుతుందంట. ఉన్నట్టుండి తిరగబెడుతుందంట ఒక్కోసారి. రేపటి దాకా ఈడే ఉండాలన్నది. నేను మీ రొమ్మే చూస్తా కూర్చున్నా. లేస్తాంది, దిగుతాంది. కన్ను ఆర్పాలంటే భయం.

ఇంకొకటి ఉంది. కోపం తెచ్చుకోవద్దు. వచ్చినా మాస్కు తీయొద్దు.

మహేష్ మిమ్మల్ని ఆటోలో పడుకోబెట్టుకొని వచ్చినాడు. నాకు అందులో చోటు లేదు, ఫ్యాక్టరీ ముందరే నిలబడినా. ఫైరింజను వాళ్ళు పైపులు చుట్టుకుంటాండారు. ఆరిపోయిందమ్మా అన్నారు. నిన్న మీరన్నదీ ఆ మాటే.

వాళ్ళను పోవద్దండి అన్నా. మంచి బేళ్లు కూడా బయటికి దొర్లించి, పట్టీలు కోసి, అన్నీ తడపండి అన్నా.

"సావుకారి నన్ను తంతాడమ్మా" అన్నాడు సిద్దప్ప.

"ముందు నన్ను తన్నాల, నీ వంతు తర్వాత" అన్నా. నవ్వినాడు పాపం, దగ్గుకుంటానే.

ఒక్క బేలు లోపల ఎర్రగా నిప్పు ఉండింది. ఒక్కదాంట్లోనే. మిగతావన్నీ తెల్లగా, మంచివే. అన్నీ తడిపించినా. మనం ఈ ఏడు కొన్న దూదంతా ఇప్పుడు బురదలో పడుంది. నేనే చేసినా. మహేష్‌ను ఏమీ అనొద్దు, వాడు అప్పుడు ఈడ మీ దగ్గరే ఉన్నాడు.

ఏడుస్తారా? ఏడ్వండి. ఊపిరి మాత్రం బిగబట్టొద్దు.

మహేష్ ఇంటికి చేరినాడు, ఇప్పుడే ఫోన్ చేసినాడు. సిద్దప్ప చేరినాడు. అశోక్ చేతికి కట్టు కట్టించుకొని చేరినాడు. మన కూతురు కన్యక యెమ్మిగనూరు నుంచి బస్సులో వచ్చి ఇంట్లో దిగింది.

ఇల్లు చేరిన ఒక్కొక్కరికీ ఒక్కో వేలు, నాలుగు వేళ్ళు ముడిచినా. ఇదిగో, ఈ బొటనవేలు మీది. రేపటి దాకా ముడవను.